కాస్త చూసుకోండి

పరాయి దేశంలో, కోర్టుకు ఎదురుగా ఉన్న హోటల్లో ఒక గది. కిటికీ దగ్గర కుర్చీలో మాజీ అధ్యక్షుడి భార్య. మంచం అంచున, ఒళ్ళో కాగితాలతో, ఆయన తరఫు లాయరు. రేపు ఆవిడ సాక్ష్యం.

"మళ్ళీ మొదటినుంచీ అనుకుందామమ్మా. జడ్జిగారు టేపు వినిపిస్తారు. అందులో సార్ పోలీసు పెద్దతో ఫోన్లో అంటారు, 'పట్టుకొచ్చిన ఆ కాలేజీ పిల్లల్ని కాస్త చూసుకోండి' అని. అప్పుడు మిమ్మల్ని అడుగుతారు, 'చూసుకోండి' అంటే మీ ఆయన భాషలో ఏమిటి అని. మీరేమంటారు?"

"నిజం చెప్పనా, మీరు రాసిచ్చింది చెప్పనా?"

"రెండూ ఒకటేనమ్మా. చూసుకోండి అంటే, అన్నం పెట్టండి, దుప్పటి ఇవ్వండి అని."

"దుప్పటి ఇచ్చార్లెండి. తడిపి, మొహాల మీద వేశారట."

"అమ్మా, ఆ మాట అక్కడ అనకండి."

"పేపర్లో చదివాను. ఇంతకీ నా పాస్‌పోర్టు మీ దగ్గరే ఉందా?"

"ఉందమ్మా, నా బ్యాగులో భద్రంగా."

"నా సంచికీ జిప్పుంది. సరే, జైల్లో ఆయన్ని కలిసొచ్చారుగా. నా గురించి ఏమన్నా అన్నారా?"

"అన్నారు. చెప్తాను. ముందు ఈ మాట తేల్చుకుందాం."

"నాకో సంగతి అర్థం కాదండీ. జరిగింది మన దేశంలో. ఈయన ఇక్కడికొచ్చింది కంటి ఆపరేషన్‌కి. మధ్యలో వీళ్ళకేం పట్టింది?"

"హింస పెట్టించినవాడు ఎక్కడ దొరికితే అక్కడే విచారించాలని దేశాలు ఒప్పందం చేసుకున్నాయమ్మా. లేదా విచారించేవాళ్ళకి అప్పజెప్పాలి. స్వయంగా చెయ్యి చేసుకోనక్కర్లేదు, చేయించినా అంతే. పదవి దిగాక, నేను ఏలినవాణ్ణి, నన్ను విచారించకూడదు అంటే కుదరదు."

"మనవాళ్ళు కూడా ఒప్పుకున్నారా?"

"సంతకం పెట్టారు."

"ఎవరు?"

"అదే... అప్పటి ప్రభుత్వం."

"ప్రభుత్వానికి చెయ్యుంటుందా? ఎవరు పెట్టారండీ?"

"సారే పెట్టారు."

"ఆఁ, గుర్తొచ్చింది. నీలం కోటు వేసుకెళ్ళారు, నేనే ఇస్త్రీ చేయించాను. ఏం సంతకమండీ అంటే, ఏం లేదు, ఫోటో కోసం అన్నారు. ఫోటో మాత్రం బాగా వచ్చింది."

"నవ్వకండమ్మా. మాట మీదకి రండి. ఇంట్లో ఆయన ఆ మాట వాడేవారా?"

"ఎందుకు వాడరు? కుక్క రాత్రంతా మొరుగుతోంది, దాన్ని కాస్త చూసుకో అన్నారు తోటమాలితో."

"ఇంకేం, పశువైద్యుడికి చూపించాడా?"

"ఏమో మరి. పొద్దున లేచి చూస్తే గొలుసుంది, కుక్క లేదు."

"కుక్కని వదిలేయండి. మనుషుల్లో చెప్పండి."

"వంటావిడ. కూరలో ఉప్పెక్కువైందని, ఆవిణ్ణి కాస్త చూసుకోండి అన్నారు. మర్నాటికల్లా ఆవిడకి సొంతూరు గుర్తొచ్చేసింది. జీతం కూడా అడగలేదు, పాపం."

"మంచిగా ఒక్కసారైనా అనలేదా?"

"ఒక్కసారి అన్నారు. నా గులాబీ మొక్కల్ని చూసుకోమని."

"అదీ అలా చెప్పండి. మొక్కల్ని చూసుకోమంటే నీళ్ళు పొయ్యమనేగా. రాసుకుంటున్నాను."

"రాసుకోండి. అక్కడిప్పుడు గచ్చు చేయించారు, కార్లు పెట్టుకోడానికి."

"అమ్మా..."

"ఆగారేం?"

"చూడండి, మన భాషలో పసిపిల్లల్ని చూసుకోవడం ఉంది, జబ్బు మనిషిని చూసుకోవడం ఉంది, కంటికి రెప్పలా చూసుకోవడం..."

"భాషలో ఉందండీ. ఆయనలో లేదు."

"మీతో? మిమ్మల్ని పిల్లల్ని చూసుకోమని అనుంటారుగా."

"అనలేదు. ఎలాగూ చూసుకుంటాను కదా, అనడం దండగ."

"మీ వాళ్ళెవరి గురించైనా? మీ తమ్ముడుగారు ఉన్నారు కదా."

"ఉన్నాడు."

"ఆయన గురించి?"

"టీ చల్లారిపోతోంది, తాగండి."

"చెప్పండమ్మా. అవతలి పక్షం వాళ్ళు ఎలాగూ అడుగుతారు."

"వాడు ఆయన మీద కార్టూన్ వేశాడు. ముక్కు పెద్దది చేశాడని కోపం. నిజానికి కాస్త తగ్గించే వేశాడు. తీసుకెళ్ళారు. కాళ్ళావేళ్ళా పడ్డాను, నా తోడబుట్టినవాడండీ అని. నువ్వు దిగులు పెట్టుకోకు, బాగా చూసుకోమని చెప్పానుగా అన్నారు. నమ్మాను. చలికాలం పోయి ఎండలు ముదిరాక పంపించారు."

"బాగానే వచ్చారుగా?"

"వచ్చాడు. బొమ్మలు మానేశాడు. మంచినీళ్ళ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంటాడు. ఎలా చూశారురా అంటే, బాగా చూసుకున్నారక్కా అంటాడు. ఎప్పుడడిగినా అదే మాట, అదే గొంతు."

"టీ నిజంగానే చల్లారిపోయిందమ్మా."

"రాసుకోరేం?"

"ఇది మాత్రం రేపు అనకండి. మీ ఒక్క మాట మీదే ఆయన ఇంటికి రావడమో, ఇక్కడే ఉండిపోవడమో ఉంది."

"అందుకేగా నిద్ర పట్టనిది. ముప్పై ఏళ్ళ కాపురమండీ. మంచి అర్థం ఒక్కటి దొరికితే చెప్పి గట్టెక్కిద్దామనే చూస్తున్నాను. ఒక్కటి చూపించండి, చాలు."

"ఉండండి, ఉండండి. దొరికింది. నిన్ననే, నా చెవులతో విన్నాను. మీ గురించేనమ్మా."

"నా గురించా?"

"వచ్చేస్తుంటే వెనక్కి పిలిచి మరీ చెప్పారు. 'సాక్ష్యం అయ్యేదాకా మా ఆవిణ్ణి కాస్త చూసుకో' అని. ఇది ప్రేమ కాకపోతే ఏమిటి చెప్పండి?"

"అలా అన్నారా?"

"అక్షరం పొల్లుపోకుండా."

"నా పాస్‌పోర్టు మీరు తీసుకుంది ఆ తర్వాతేనా?"

"అది... మీరు ఎక్కడన్నా పారేసుకుంటారని సారే... అమ్మా, నేనలా అనుకోలేదు. ఒట్టు."

"తెలుసు నాయనా. మీకింకా ఆయన భాష పూర్తిగా పట్టుబడలేదు. ఇలా ఇవ్వండి."

"ఇదిగో. చెప్పులేసుకుంటున్నారేం? ఎక్కడికి?"

"రోడ్డు దాటి అవతలికి. ఆయన మీద కేసు నడుపుతున్న లాయరమ్మ ఇంకా కోర్టులో తన గదిలోనే ఉంది, కిటికీలోంచి కనిపిస్తోంది."

"ఆవిడతో మీకేం పని? ఏం చెప్తారమ్మా?"

"ఎక్కువేం లేదు. ఆయన్ని కాస్త చూసుకోమంటాను."