పొట్టి తూటాలు

పరదేశంలో, టోవా పాయో అనే పేటలో తొమ్మిదో అంతస్తు ఫ్లాటు. ఆదివారం పొద్దున. వీరభద్రరావు, భార్య కమలాదేవి, మాట చివర ఇక్కడివాళ్ళలాగే 'లా' తగిలించే కూతురు తన్మయి.

"ఆ ఇస్త్రీ పెట్టె ఇస్తారా, ఇవ్వరా? చీర పరిచి ఎంతసేపయిందనుకున్నారు?"

"ఉండు కమలా. చెయ్యి చాపి, కదలకుండా పట్టుకోవాలి. ఇంచుమించు దీని బరువే ఉంటుందది."

"అది అంటే?"

"రివాల్వరు."

"తన్మయీ, చూడవే, మీ నాన్న ఎదురు బ్లాకు మీద గురిపెట్టారు. అక్కడ ఆంటీ బట్టలారేసుకుంటోంది, పాపం."

"కర్టెన్ వేసుకోండి లా, నాన్నా. పోలీస్ వస్తే మీరెవరో నాకు తెలీదంటాను."

"నవ్వండి, నవ్వండి. డిసెంబర్లో న్యూజిలాండ్ వెళ్ళినప్పుడు మా ఫ్రెండ్ హరిదాస్ వాళ్ళ తుపాకీ క్లబ్బులో అందరి ముందూ కొట్టి చూపిస్తా."

"ఈసారైనా నేను రానాండీ?"

"అక్కడ చలి. నీకు పడదు."

"డిసెంబర్లో వాళ్ళకి ఎండాకాలం."

"అయినా గాలి ఉంటుంది."

"పోయినసారి బాగానే కొట్టారుగా. నుదుటి మీద ఇంకా మచ్చ ఉంది."

"ఇది బీరువా తలుపు తగిలి. నువ్వు తెరిచిపెట్టిన బీరువా."

"అవునవును. కాకినాడలో మీ చెల్లెలు సుగన్య ఇప్పటికీ ఫోన్ చేస్తే ముందు అదే అడుగుతుంది. తలుపులు మూస్తున్నావా వదినా, అని."

"ఇప్పుడదంతా ఎందుకు? ఈసారి హరిదాస్ కొత్త పద్ధతి పెట్టాడు. పొట్టి తొడుగులు."

"వాట్ తొడుగులు?"

"తూటాకి ఇత్తడి తొడుగు ఉంటుందమ్మా. అందులో మందు, మూతి దగ్గర సీసపు గుండు. కొన్నవాటికి తొడుగు పొడుగు, మందూ ఎక్కువ. పేలిస్తే గుర్రంలా తంతుంది. హరిదాస్ అయితే పొట్టి తొడుగులు తెచ్చుకుని, తన బల్ల మీద తనే కాస్త మందు పోసి బిగించుకుంటాడు. మెత్తగా పేలుతుంది."

"ఆ పొడుగుదాంట్లోనే కాస్త మందు పోస్తే పోలా?"

"అదే మరి, తెలియకపోతే ఇలాగే ఉంటుంది. ఖాళీ ఎక్కువైతే లోపల మందు అటూ ఇటూ పొర్లుతుంది కమలా. ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా పేలుతుంది."

"పెద్ద క్యారియర్లో చెంచాడు పులిహోర పెట్టినట్టు. ఆఫీసుకెళ్ళేసరికి అంతా మూతకే."

"అలాగే అనుకో."

"మరి పొడుగుది పట్టేచోట పొట్టిది పెడితే, ముందర ఖాళీ మిగలదూ?"

"మిగులుతుంది. అక్కడ చుట్టూ మసి కడుతుంది. తర్వాత బ్రష్షు పెట్టి తోమాలి."

"తోమేదెవరు?"

"హరిదాసే."

"పునీత అదృష్టవంతురాలు. మొగుడు తోముతాడన్నమాట."

"బట్ నాన్నా, మెత్తనివి మీకెందుకు? ఐరన్ బాక్సే పట్టుకుని నిలబడ్డారు, అంత స్ట్రాంగ్."

"నాకెందుకమ్మా? నాకు పొడుగువే. అవి అడిగినవాళ్ళకి."

"ఎవరడిగారు?"

"ఎవరో అడిగారు. క్లబ్బన్నాక నలుగురూ వస్తారు."

"ఎవరో అంటే ఎవరండీ?"

"కమలా, చీర కాలుతుందేమో చూసుకో."

"ఇస్త్రీ పెట్టె మీ చేతిలోనే ఉంది."

"ఓ."

"నిన్న మార్కెట్‌కెళ్తూ ఫోను ఛార్జింగ్‌లో వదిలేశారు. హరిదాస్ చేశాడు."

"చేస్తే... నువ్వెత్తావా?"

"ఎత్తాను. 'అక్కా, బయపడొద్దు. మీ కోసమే సిన్న సిన్నవి సేసి పెట్టినాను. సెయ్యి నొప్పి రానే రాదు. అన్న అంతా సెప్పినాడు' అన్నాడు. న్యూజిలాండ్‌లో స్థిరపడ్డా ఆ మలేషియా తెలుగు పోలేదు, ఎంత ముద్దుగా ఉందో."

"వాడికి మనం చెప్పేది సగమే అర్థమవుతుంది."

"మా ఆవిడకి పెద్దవంటే భయం, ఆవిడ చేతికి సరిపడా చెయ్యి, అన్నారట. అన్నారా?"

"నువ్వు ఎప్పుడైనా సరదాపడతావేమోనని..."

"నేను వస్తే కదా, సరదాపడ్డానికి. చలి, గాలి అని నన్నిక్కడే ఉంచి, అక్కడికెళ్ళాక 'అయ్యో, మా ఆవిడ రాలేకపోయింది, ఇవన్నీ వృథా ఎందుకు' అని మీరే పేల్చేద్దామనుకున్నారు."

"ఛ. అంత ఆలోచన నాకెక్కడిది?"

"లిటిల్ ఇండియా మెస్సులో 'కారం తగ్గించండి, మా ఆవిడకి పడదు.' ఆ చప్పటి ప్లేటు ఎవరి ముందుకొచ్చింది?"

"ఒకసారేగా."

"సెంటోసాలో రోలర్ కోస్టర్ దగ్గర 'మా ఆవిడకి కళ్ళు తిరుగుతాయి' అని లైన్లోంచి పక్కకొచ్చారు. నేనూ తన్మయీ ఎక్కి దిగేదాకా సంచులు పట్టుకుని బెంచీ మీద కూర్చున్నదెవరు?"

"నా దగ్గర ఫోటో ఉంది. నాన్న ఫేస్ ఫుల్ గ్రీన్ లా."

"నువ్వూరుకో."

"సో, ఆ మచ్చ? బీరువా కాదా నాన్నా?"

"అది... పేల్చగానే రివాల్వరు ఎగిరొచ్చి తగిలింది. ఏం చెప్పమంటావ్?"

"బీరువా అని చెప్పారుగా. నేను తెరిచిన బీరువా."

"చూడు కమలా. ఆ రోజు నుంచి మణికట్టు సరిగ్గా లేదు. మంచినీళ్ళ బిందె ఎత్తినా... సరే, ఇక్కడ బిందె లేదనుకో, కుక్కర్ ఎత్తినా నొప్పే. ఆ పొడుగువి నావల్ల కాదు. హరిదాస్‌ని అడగడానికి మొహం చెల్లలేదు. నీ పేరు చెబితే ఎవరూ ఏమీ అనుకోరు కదా అని."

"నన్ను అనుకుంటారు."

"అంతమాటెందుకు?"

"అనుకుంటూనే ఉన్నారు. ఇన్నేళ్ళుగా."

"సరే, తప్పే. ఇప్పుడేం చెయ్యమంటావ్?"

"ఏమీ వద్దు. ఆ పెట్టె ఇటివ్వండి, చీర అలాగే ఉంది. తన్మయీ, టికెట్ సంగతి?"

"డన్, అమ్మా. విండో సీట్."

"ఎవరి టికెట్? నాది నేనింకా తీసుకోలేదే."

"ఉష్. ఫ్యామిలీ గ్రూపులో వాయిస్ పెడుతున్నా."

"ఆగు కమలా. అందులో సుగన్య ఉంది, మా పెద్దన్నయ్య ఉన్నాడు, పిన్ని ఉంది..."

"అందుకే. అందరికీ నమస్కారం. డిసెంబర్లో నేను న్యూజిలాండ్ వెళ్తున్నాను. హరిదాస్ నా కోసమని తూటాలు చేసి పెట్టాడు, వెళ్ళి పేల్చకపోతే బాగుండదు. సుగన్యా, మా ఇంట్లో బీరువా తలుపులు ఎప్పుడూ మూసే ఉంటాయి, కంగారుపడకు. మీ అన్నయ్య రావడం లేదమ్మా. మా ఆయనకి భయం."