"నే" అంది, అంతే

ఆదివారం మధ్యాహ్నం. ఆసుపత్రిలో దుబాసీగా పనిచేసే అక్క వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. హోటల్ లాండ్రీలో ఇస్త్రీ చేసే తమ్ముడు గుమ్మంలో చతికిలబడి ఉన్నాడు.

"మళ్ళీ చెప్పు. నన్ను పెళ్ళి చేసుకుంటావా అని నువ్వడిగితే మీ లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే ఆ పిల్ల ఏమందీ?"

"నే."

"తర్వాత?"

"తర్వాతేం లేదు. నే. అంతే."

"ఎక్కడడిగావు?"

"లాండ్రీలోనే. బట్టలారబెట్టే మిషను పక్కన."

"ఆహా, ఏం చోటు చూసుకున్నావురా! ఒక పక్క హోరు, ఇంకో పక్క ఊళ్ళోవాళ్ళందరి తడి దుప్పట్లు."

"నవ్వకక్కా. ఇన్ని భాషలొచ్చినదానివి, అర్థం చెప్పు చాలు."

"వాళ్ళమ్మది గ్రీకు. అందులో 'నే' అంటే అవును."

"అబ్బ! బతికించావు."

"ఆగరా. వాళ్ళ నాన్నది సెర్బియా. ఆయన భాషలో కాదు."

"అంటే... అమ్మేమో అవునూ, నాన్నేమో కాదూనా?"

"ఏ ఇంట్లో అయినా అంతేగా."

"ఇంతకీ తను మాట్లాడేదేది?"

"చదువంతా టర్కీలో. అక్కడ 'నే' అంటే ఏమిటీ?"

"ఏమిటీ?"

"అదే. ఏమిటీ?"

"అదేగా నేనడిగేది, ఏమిటని!"

"ఒరే, దాని అర్థమే 'ఏమిటీ'రా!"

"ఖర్మ. మరి మా మేనేజరమ్మ రోజంతా ఫోన్లో నే నే నే అంటుందే?"

"ఆవిడది కొరియా. అవునండీ అవునండీ అని."

"అయ్యో! ఎవర్నో తెగ కసురుతోందనుకుని ఇన్నాళ్ళూ ఆవిడ ఎదుట పడకుండా తప్పించుకు తిరిగాను. అవునూ, ఈ పిల్ల వాళ్ళ నాన్న సంగతి నీకెలా తెలుసు?"

"ఆసుపత్రికి... వస్తూ ఉంటారుగా, అందరూ. అది సరే, నువ్వు ఏ భాషలో అడిగావు?"

"మనదాంట్లోనే. గాబరాలో నోటికి అదే వచ్చింది."

"తనకి రాదని తెలిసీ?"

"ఏం చెయ్యను? ఇన్నాళ్ళూ సైగలతోనే నెట్టుకొచ్చాం."

"పాపం. పోనీ, ఆ మాటన్నప్పుడు మొహం ఎలా పెట్టింది?"

"చూళ్ళేదు."

"ఎందుకని?"

"ఉప్పు తక్కువైనట్టుంది కూరలో."

"కూర ఇంకా పొయ్యెక్కలేదు. ఎందుకు చూళ్ళేదురా?"

"వచ్చేశా."

"నడిచా, పరిగెత్తా?"

"కొంచెం... గబగబా."

"శభాష్! ఏమంటుందో ఏమంటుందో అని నిద్ర మానేసి నా ప్రాణం తీశావు. తీరా అంటుంటే పారిపోయావు."

"అంటుంటే ఏమిటి, అనేసిందిగా! ఒక్క ముక్కతో తేల్చేసింది. అందుకే నన్ను వేరే ఊళ్ళో బ్రాంచికి పంపెయ్యమని అడిగేశా. రేపు పొద్దున్నే ప్రయాణం."

"ఏమిటీ?"

"ఇప్పుడు నువ్వు టర్కీలో అంటున్నావా?"

"వెటకారం నాకొదిలెయ్. ఊరొదిలి పోతూ నాతో ఒక్క మాట చెప్పవా?"

"చెబితే పోనిస్తావా? తను ఎదురుగా నిలబడి దుప్పట్లు మడతపెడుతుంటే నా చెయ్యి ఆడదక్కా. నిన్న ఎవరో పెద్దమనిషి కోటు వీపంతా కాల్చేశా."

"కోటు సంగతి దేవుడెరుగు. ఆ పిల్ల సంగతేమిటి? ఏమనాలనుకుందో కనుక్కోకుండానే పోతావా?"

"కనుక్కుని ఏడవనా? ఎందుకలా మాటిమాటికీ గడియారం చూస్తావు?"

"ఏం లేదు. ఆదివారాలు ఈ వేళకి ఆటకి పోతావుగా. ఇవాళ పోలేదేం?"

"ఆడే ఓపిక లేదు. ఎవరో బెల్లు కొడుతున్నారు."

"ఉండు, నే చూస్తా."

"నీ చేతులు తడి. నేను తీస్తాలే."

"వద్దురా, నువ్వు కూర్చో... ఒరేయ్!"

"అక్కా! తను! మన గుమ్మంలో!"

"దారికడ్డం నిలబడక లోపలికి రానియ్యి. కొన్ని నెలలుగా ప్రతి ఆదివారం వస్తోంది, నా దగ్గర నేర్చుకోడానికి. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది."

"నేర్చుకోడానికా? ఏం నేర్చుకుంటోంది?"

"తననే అడుగు. ఈసారి కాళ్ళు కదిపావో, విరగ్గొడతా."

"నే..."

"అక్కా, మళ్ళీ అదే!"

"నోరు మూసుకుని చివరిదాకా వినరా!"

"నే... నేనే... నిన్ను... ముందు అడుగుదాం అనుకున్నా."