డబ్బాలో పుస్తకం

కొండల్లో ఎవరెవరో దాచిన డబ్బాలు వెతికి, వాటిలోని పుస్తకంలో సంతకం చేసి రావడం అతని సరదా. సాయంత్రం ఈల వేసుకుంటూ ఇంటికొచ్చేసరికి భార్య గీరుకుపోయిన మోకాళ్ళు కడుక్కుంటోంది.

"ఫోనేమైంది?"

"ఛార్జింగ్ అయిపోయింది. ఇంతకీ ఆ దెబ్బలేంటి?"

"ఏ కొండకెళ్తున్నావో చెప్పి చచ్చావా? పోయినవారం వాగిన కొండే అయ్యుంటుందని నేనే ఎక్కాను, ఈ చెప్పులతో!"

"నువ్వా?"

"డబ్బా తీసి చూస్తే పదింటికి నీ సంతకముంది, నువ్వు లేవు. రెండు గంటలు ఆ లోయలోకి తొంగిచూస్తూ గొంతు చించుకున్నాను."

"పక్క కొండమీద ఇంకోటుందంటేనూ..."

"సిగ్గులేదూ?"

అతను దూది తెచ్చి ఆమె చేతికిచ్చాడు. ఇస్తూనే ఉండబట్టలేక అడిగాడు.

"డబ్బా మళ్ళీ ఉన్నచోటే పెట్టావా?"

"పెట్టాను. నీ సంతకం కింద రాసి మరీ పెట్టాను, డబ్బా దొరికింది, మొగుడు దొరకలేదు అని."