మునగని పడవ

బందరు శివారు, గిలకలదిండి. కాలువ పక్కన రేకుల షెడ్డు. లోపల ఓ పాత పడవ, దాని చుట్టూ గుడివాడ వడ్రంగి ప్రేమ్ సాగర్. గుమ్మంలో కుర్చీ వేసుకుని హమీదా.

“కోసెయ్ అంటున్నానుగా ప్రేమ్ సాగర్. ఇంకా చుట్టూ తిరుగుతావేంటి?”

“మంచి టేకు పిన్నిగారూ. రంపం పెట్టే ముందు మేకులు ఎక్కడున్నాయో చూసుకోవాలి. ఎప్పటిదండీ ఇది?”

“యుద్ధం నాటిది. జపానువాడు కాకినాడ మీద బాంబులేశాడని జనం ఊళ్లొదిలి పోయిన రోజులు. మా నాన్న మిలిటరీకి పడవలు కట్టేవాడు. సైఫుల్లా మేస్త్రి అంటే...”

“విన్నానండి. మునగని పడవ.”

“గుడివాడ దాకా పాకిందన్నమాట మా పరువు.”

“నిజంగానే మునగదా?”

“రెండు వరసల పలకలు. మధ్యలో జీలుగుబెండు కూరాడు. వలలు తేలడానికి కడతారే, అది. తెల్లదొర వచ్చి తుపాకీతో కన్నాలు కొట్టించాడు. నీళ్లెక్కాయి గానీ మునగలేదు. భుజం తట్టి వెళ్లాడు. ఆర్డరు వచ్చేలోపు యుద్ధం అయిపోయింది.”

“మరి మనవాళ్లు కొనలేదా?”

“వేట లేని నెలల్లో పడవని ఏం చేస్తారు, చెప్పు.”

“ఒడ్డుకి లాగుతారు.”

“ఎండకి పలకలు విచ్చుకోవూ? రాళ్లేసి కాలువలో ముంచేస్తారు. వేట మొదలయ్యేటప్పుడు నీళ్లు తోడి లేపుతారు. ఇది ఎన్ని రాళ్లేసినా తేలేది. ముంచడానికి వీల్లేని పడవ ఎవడిక్కావాలి?”

“అయ్యో. ఆ సంగతి మేస్త్రిగారికి తట్టలేదా?”

“యుద్ధంలో పడ్డవాడికి వేసవి గుర్తుంటుందా? సైకిలు పెడలుతో నీళ్లు తోడే యంత్రమూ చేశాడు. ఇంట్లో సైకిలు పోయింది, నీళ్లు రాలేదు. నవ్వు, పర్లేదు. అందరూ నవ్వారు.”

“ఆ బెండు తీసేస్తే సరిపోయేదిగా?”

“మా అమ్మ పోయేదాకా అదే బతిమాలింది. నా పెళ్లి రెండు రోజులుందనగా నాగాయలంక నుంచి బేరం వచ్చింది. వాళ్లు ఈ గుమ్మంలోనే టీ తాగి, ‘మునగంది మాకెందుకు మేస్త్రీ’ అని వెళ్లిపోయారు. మా నాన్న నోరు విప్పితే ఒట్టు. మాకన్నా ఆ బెండే ఎక్కువ ఆయనకి. ఆయన పోయినా నాకా కోపం పోలేదు. అలిసిపోయాను నాయనా. షెడ్డు ఖాళీ చెయ్యమన్నారు, నువ్వు దొరికావు. కోసెయ్.”

“సరే. లోపలి పలక ఊడదీస్తున్నా. కాస్త జరగండి, దుమ్ము.”

“నేను చూడని దుమ్మా?”

“పిన్నిగారూ.”

“ఏంటి?”

“లోపల ఏమీ లేదండి.”

“లేకపోవడమేంటి? బెండు ఉంటుంది. తెల్లగా.”

“ఖాళీ అండి.”

“ఎలకలు తినేసుంటాయి.”

“ఎలకలైతే పొట్టన్నా మిగలాలి. తుడిచినట్టుంది. పైగా ఈ పలక ఒకసారి ఊడదీసి మళ్లీ బిగించారు. మిగతా మేకులన్నీ రాగివి, ఇక్కడివి ఇనపవి.”

“అటువైపు చూడు.”

“అటూ అంతే. అడుగున కన్నం పెట్టి బిరడా కొట్టారు. లోపలికి నీళ్లు రావడానికే ఇది. అంటే ఎప్పటినుంచో ఇది మునిగే పడవేనండి. ఎవరు తీసుంటారు? పిన్నిగారూ, వింటున్నారా?”

“నా పెళ్లి పందిరికి బెండు పూలు కట్టారు.”

“ఏంటండీ?”

“బెండుతో చేసిన మల్లెలు. పందిరి నిండా. పెళ్లికొడుకు మొహం మీద వేలాడే సెహ్రాకీ అవే. ఇంత బెండెక్కడిది నాన్నా అంటే, బంటుమిల్లి దగ్గర చెరువెండింది, అందులో జీలుగు ఊరికే ఇచ్చారు అన్నాడు.”

“మరి నాగాయలంక వాళ్లతో చెప్పొచ్చుగా, తీసేశానని?”

“మునగదు, మునగదు అని ఊరంతా చెప్పుకున్న మనిషి. ఏ నోటితో చెప్తాడు? మా అమ్మకీ చెప్పలేదు.”

“మరి... కొయ్యమంటారా?”

“ఆ పలక మళ్లీ బిగించు. బయట ఎవరన్నా ఉన్నారా?”

“వలలు బాగుచేసుకుంటున్నారు నలుగురు. ఎందుకండీ?”

“పిలువు. బిరడా తీసి, రాళ్లేసి కాలువలో ముంచండి దీన్ని. ఎండలు తగ్గాక లేపుదాం.”