గెడాల్యా కట్టిన బాల్కనీ

ఆ లావు పుస్తకమా? తియ్యి, కానీ జాగ్రత్త, కాలిమీద పడితే వేళ్ళు పచ్చడే. గెడాల్యా రాసింది. మా యూదుల భాష యిడ్డిష్ చదవడం నీకు రాదుగా, ఆ అక్షరాలు కోడి గీకినట్టున్నాయంటావు. మీ అమ్మ పెంపకం, నేనేమంటాను. గెడాల్యా పోలండులో మా పక్కింటివాడే. ఈ మెల్బోర్న్ వచ్చాక ఫ్యాక్టరీలో ప్యాంట్లు ఇస్త్రీ చేసేవాడు. ఆ ఆవిరికి మనిషి ఉడికిన క్యారెట్‌లా అయిపోయాడు. తీరిక దొరికితే చాలు, బట్టలు కత్తిరించే నమూనా కాగితాల వెనక మా ఊరు జెలిన్కా గురించి రాసుకునేవాడు. యుద్ధంలో ఊరు ఊరంతా పోయింది కదా. "ఒక్క గుమ్మం తప్పు రాసినా, రేపు దిద్దేవాళ్ళుండరు ఫ్రాడ్ల్," అనేవాడు నాతో. అదే అతని బెంగ. అందుకని ప్రతి ఆదివారం ఇక్కడే కార్ల్‌టన్ పేటలో మా ఊరివాళ్ళందర్నీ కూర్చోబెట్టి, రాసింది చదివేవాడు. నాలుగు వందలమందిమి వెళ్ళేవాళ్ళం. సరే, నలభై. హెరింగ్ చేప అయిపోయాక ముప్పై.

వినడానికనుకున్నావా, తగువుకి. "మా బేకరీ వంతెనకి ఎడంపక్క. కళ్ళెక్కడ పెట్టుకున్నావయ్యా?" అని త్సీప్రా. "నువ్వు ఏ ఒడ్డునుంచి వస్తున్నావో ముందది చెప్పు తల్లీ," అని గెడాల్యా. అలా ఒక్క వీధి దాటడానికి పదకొండేళ్ళు పట్టింది. ప్రతివాళ్ళూ తమ ఇంటికి ఓ గది ఎక్కువ వేయించుకోవాలని చూసేవాళ్ళే. మరి నేనూరుకుంటానా? లేచి, "మా ఇంటికి బాల్కనీ ఉండేది, ఎర్రపూల కుండీలతో," అన్నాను. మా ఇంటికి ఉన్నది ఒక్క కిటికీ. అందులో మేక తల దూర్చిందంటే పట్టపగలే దీపం పెట్టుకోవాలి. గెడాల్యా నావంక ఓసారి చూసి, రాసుకున్నాడు.

పుస్తకం అచ్చయి వచ్చింది. చూద్దును కదా, బాల్కనీ ఉంది, పూలున్నాయి, పైగా మా అమ్మ అక్కడ కూర్చుని టీ తాగుతోంది. పదకొండేళ్ళు గుమ్మం గుమ్మం సరిచూసుకున్న మనిషి చేత అబద్ధం రాయించానే అని, ఫ్యాక్టరీకి పరిగెత్తి ఒప్పేసుకున్నాను. గెడాల్యా ఇస్త్రీపెట్టె దించనైనా దించలేదు. "నాకు తెలీదా పిచ్చిదానా? మీ గోడా మా గోడా ఒకటే కదా. 'ఓ బాల్కనీ ఉంటే కాసేపు కూర్చుందును,' అని మీ అమ్మ మా అమ్మతో రోజూ అనేది. ఆవిడ కూర్చోగా నేనెప్పుడూ చూళ్ళేదు. ఊరంతా ఉన్నదున్నట్టే రాశాను. ఆవిణ్ణి మాత్రం కూర్చోబెట్టాను," అన్నాడు.

ఇప్పుడు త్సీప్రా లేదు, గెడాల్యా లేడు. ఆ బాల్కనీ లేదని చెప్పగలిగేది నేనొక్కదాన్నే. నేనెందుకు చెబుతాను? ఇరవైమంది పట్టేవారు దానిమీద.

ఆ నిమ్మచెక్క ఇటియ్యి, టీ చల్లారిపోతోంది.