అప్పాలు కాల్చే గది

చర్చి వెనక, ప్రహరీకి ఆనుకుని ఒక చిన్న గది. ఆదివారం పూజలో పంచే అప్పాలు అక్కడే తయారవుతాయి. మధ్యాహ్నం వేళ కరెంటు మేస్త్రీ ఒకతను నేల మీద చతికిలబడి, అప్పాలు కాల్చే ఇనప ప్లేట్ల మిషను విప్పుతున్నాడు. అప్పాలు చేసే ఆవిడ బల్ల దగ్గర నిలబడి, కాల్చిన పల్చటి రేకుల్ని గుండ్రంగా కోస్తోంది.

“…కిందది కాలుతుంది, పైది కాలదు. ఒక పక్క మాడిపోతుంది, ఒక పక్క పిండి పిండిగానే ఉంటుంది. ఫాదర్‌తో చెప్పాగా ఇదంతా.”

“ఎన్నాళ్ళయిందమ్మా ఇలా?”

“పది రోజులు. తిరగేసి తిరగేసి కాలుస్తున్నా. ప్లగ్గు తీశావా ముందు?”

“తీశానమ్మా.”

“చూసుకో. పోయిన నెల నాకు జివ్వుమని కొట్టింది.”

“కొట్టదూ మరి? ఎర్త్ వైరు ఊడిపోయి ఉంది. ఇంతకుముందు ఎవరు చూశారు దీన్ని?”

“ఎవరో. వచ్చాడు, టేపు చుట్టాడు, టీ తాగాడు, పోయాడు.”

“టేపు మాత్రం బాగా చుట్టాడు. లోపల వైరంతా బొగ్గయిపోయింది. కాయిల్ బాగానే ఉన్నట్టుంది లెండి. గంట పడుతుంది.”

“కానీ. నా పని నాకుంది.”

“ఇందులో పిండీ నీళ్ళేనా? ఇంకేం కలపరా?”

“చిటికెడు ఉప్పు కూడా వెయ్యకూడదు. నువ్వు మనవాళ్ళేనా?”

“ఆఁ… మనవాళ్ళే. మధ్యలో చాలా ఏళ్ళు రాలేదు. మూడు నెలల్నించి వస్తున్నా, ఇక్కడికే.”

“చూశాను. వెనక స్తంభం చాటున కూర్చుంటావు.”

“చూశారా?”

“అప్పం పంచేటప్పుడు లైన్లోకి వస్తావు. ఫాదర్ ముందు దాకా వస్తావు. వచ్చి, చేతులు గుండెల మీద కట్టుకుని, తల వంచుకుని పోతావు. తీసుకోవు.”

“అదీ… అది వేరే సంగతి లెండి. ఆ స్క్రూడ్రైవరు కొంచెం ఇటు అందుకుంటారా?”

“నీ కాళ్ళ దగ్గరే ఉంది.”

“అవును కదా.”

“పాపసంకీర్తనం చెయ్యలేదా?”

“చేశానమ్మా. ఒక్కటి దాచకుండా చెప్పా. గంటన్నర పట్టింది. బయట వరసలో ఉన్న ముసలావిడ నన్ను చూసిన చూపు మర్చిపోను. ఫాదర్ మన్నింపు కూడా ఇచ్చారు.”

“మరేంటి అడ్డం?”

“ఏం లేదు. ఈ మిషను పాతదే. ఎప్పటిదమ్మా?”

“నా పెళ్ళికంటే ముందుది. మాట మార్చకు. ఏంటి అడ్డం?”

“అమ్మా, నేను… నేనెవరో మీకు…”

“బొంగరంగాడివి.”

“అమ్మా?”

“అమ్మా లేదు, గిమ్మా లేదు. నా ఇంట్లో తిన్నన్నాళ్ళూ పిన్నీ పిన్నీ అంటూ నా వెనకాలే తిరిగావు. నువ్వొచ్చిన మొదటి రోజే పోల్చుకున్నాను. గడ్డం పెంచితే మనిషి మారిపోతాడా? కూర్చున్న చోట మోకాలు ఊపడం చిన్నప్పట్నించీ ఉన్నదేగా నీకు. ఇప్పుడూ ఊపుతున్నావు చూడు.”

“పిన్నీ…”

“పని చెయ్యి. చెయ్యి ఆపకు. నువ్వు చెయ్యి ఆపితే నేను నీ మొహం చూడాలి.”

“మూడు నెలల్నించి తెలిసి కూడా ఏమీ అనలేదేం?”

“ఏమనాలి?”

“పొమ్మనొచ్చు. ఈ గుమ్మం తొక్కొద్దనొచ్చు.”

“ఇల్లు నాది కాదుగా.”

“మిషను పాడైందని ఫాదర్ ఎవరితోనో అంటుంటే విన్నా. నేను వెళ్తానని నేనే అన్నా. మిమ్మల్ని ఒకటి అడగాలని వచ్చా పిన్నీ. మూడుసార్లు ఈ గది దాకా వచ్చి వెనక్కి పోయా.”

“తెలుసు. కిటికీలోంచి కనబడతావు. అడుగు.”

“అడుగుతా. ముందు కొంచెం చెప్పనివ్వండి. మీ చిన్నోడు పోయాక ఆరేళ్ళు లోపలున్నా. ఈ పని జైల్లోనే నేర్చుకున్నా. బయటికొచ్చి బాగుపడ్డాననుకునేరు. ఇంకా పాడైపోయా. తాగని పూట లేదు. కనబడినవాణ్ణల్లా కొట్టడం, కొట్టించుకోవడం. నాలుగేళ్ళు అంతే. అమ్మ పోయినప్పుడు కూడా…”

“మీ అమ్మ సంగతి నాకు తెలుసు. నేను వెళ్ళాను.”

“మీరా? మా ఇంటికా?”

“నుదుటి మీద సిలువ గుర్తు వేసింది నేనే. వెయ్యాల్సినవాడివి నువ్వు లేవుగా. చెప్పు, ఆగావేం? చెప్తానన్నావుగా.”

“మీరు వెళ్ళారని నాకు తెలీదు పిన్నీ. ఎవరూ చెప్పలేదు.”

“ఎవరు చెప్తారు, నువ్వు ఎక్కడున్నావో తెలిస్తేగా. కానీ, తర్వాతేమైంది?”

“తర్వాత… తాగుడు మాన్పించే చోట ఒకదాంట్లో పడేశారు నన్ను. ఆ ఆవరణలో చిన్న ప్రార్థన గది ఉంది. లైట్లు వెలగట్లేదంటే వైరింగు చేశా. పనైపోయింది, పూజ మొదలైంది. లేచి పోదామంటే కాళ్ళు రాలేదు. అంతే పిన్నీ. గొంతు వినబడ్డాలూ వెలుగు కనబడ్డాలూ ఏం లేవు. కాళ్ళు రాలేదు.”

“తాగుడు మానేసిన కొత్తల్లో కాళ్ళు అలాగే ఉంటాయి.”

“నేనూ అదే అనుకున్నా. మర్నాడు మళ్ళీ వెళ్ళి చూశా. మర్నాడూ రాలేదు.”

“ఊఁ.”

“నవ్వుతున్నారా?”

“లేదు. నీ పక్కనున్న ఆ తడిగుడ్డ ఇటివ్వు. అడుగుతానన్నది అడుగు, పొద్దుపోతోంది.”

“అవి మీరు చేసినవి పిన్నీ. ఫాదర్ చేతిలో ఉండేవి. మీరు కలిపి, మీరు కాల్చి, మీరు కోసినవి. చిన్నోణ్ణి నేను చంపాను. వాణ్ణి చంపి, మీ చేత్తో చేసింది ఏ మొహం పెట్టుకుని తినను? ఇవాళ చేతులు చాపుతా, ఇవాళ చాపుతా అనుకుంటూ వస్తా లైన్లో. దగ్గరికొచ్చేసరికి మీ వేళ్ళు కళ్ళ ముందుకొస్తాయి.”

“పీఠం మీదికెళ్ళాక అది నేను చేసిన అప్పం కాదు, ప్రభువు శరీరం. ఉపదేశి నేర్పలేదా నీకు?”

“చెవి మెలేసి మరీ నేర్పాడు. తెలుసు నాకు. తెలిసినా చెయ్యి లేవదు. మీరు తినమంటే తింటా. వద్దంటే ఆ స్తంభం చాటునే కూర్చుంటా, పోయేదాకా. అదే అడగాలని.”

“తిను.”

“పిన్నీ?”

“తినమన్నాగా. ఆదివారం చాపు చేతులు. వైరు బిగించావా?”

“అంత తేలిగ్గా అనకండి. తిట్టండి నన్ను. రెండు కొట్టండి. పదకొండేళ్ళు మీరేమంటారో అనుకుని అనుకుని…”

“తిట్టే ఓపిక లేదు నాకు.”

“మన్నించారా మరి?”

“ఆ మాట అడక్కు.”

“అంటే, లేదనేగా.”

“అడక్కన్నానా! ఇదిగో, చూడు. నీతో మాటల్లో పడి రేకుల మీద గుడ్డ కప్పడం మర్చిపోయా. ఆరిపోతే ఇంతే, ముట్టుకుంటే పొడైపోతుంది.”

“ఉండండి, నేను ఏరతా.”

“నువ్వు ముట్టుకోకు. చేతులకి మసి.”

“…పిన్నీ.”

“మళ్ళీ ఏంటి?”

“మీరూ తీసుకోరు కదా.”

“ఏం తీసుకోను?”

“ముందు వరసలో కూర్చుంటారు. అందరూ లేచి లైన్లోకొస్తే మీరు కూర్చునే ఉంటారు. ఒక్క ఆదివారం కూడా లేవలేదు. మోకాళ్ళ నొప్పులేమో అనుకున్నా.”

“మోకాళ్ళ నొప్పులే.”

“ఇందాక నీళ్ళ బకెట్టు పట్టుకుని మెట్లెక్కారు.”

“నీ కళ్ళు నీ వైర్ల మీద ఉండవా?”

“ఎన్నాళ్ళయింది పిన్నీ తీసుకుని? చిన్నోడు పోయినప్పట్నించేనా?”

“అప్పట్నించే.”

“పదకొండేళ్ళా? పదకొండేళ్ళ నుంచీ ఊరందరికీ చేసి పెడుతూ, మీరు…”

“అరవకు. పక్కన సిస్టర్లు ఉంటారు.”

“మరెందుకు చేస్తున్నారు ఇంకా? మానెయ్యకపోయారా?”

“మానేస్తే ఎందుకు మానేశావని అడుగుతారు.”

“ఫాదర్‌తో చెప్పండి పిన్నీ. నాలాంటివాడు చెప్పిందే విన్నారు ఆయన.”

“వెళ్ళాను. రెండుసార్లు. మోకరించాను, సిలువ గుర్తు వేసుకున్నాను. నోరు రాలేదు. ఆయనే ఏదో ఒక జపం చెప్పుకోమని పంపించేశారు.”

“నా వల్లే. నన్ను మన్నించడం మీ వల్ల కాక. అంతేనా? అబ్బా… నేనేమో సిగ్గు లేకుండా మీ దగ్గరికే వచ్చి తినమంటారా అని అడుగుతున్నా. నేను పోతా పిన్నీ. ఈ ఒక్కటీ బిగించి పోతా. వేరే ఊళ్ళో చర్చి చూసుకుంటా. నేను కళ్ళ పడకపోతే మీకు కాస్త…”

“కూర్చో.”

“లేదు పిన్నీ…”

“కూర్చోమన్నానా! నీ వల్ల అని ఎవరన్నారు నీతో?”

“ఇంకెవరి వల్ల?”

“ఆ రోజు గుర్తుందా నీకు?”

“గుర్తు లేకేం? శనివారం. కొండ మీద చర్చికి అప్పాల డబ్బాలు తీసుకెళ్ళాలి. చిన్నోడు డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని నా వెనకాల కూర్చున్నాడు. మలుపు దగ్గర లారీ… తర్వాత రోడ్డంతా అప్పాలు, తెల్లగా…”

“అది కాదు. అంతకు ముందు. మా ఇంటి దగ్గర.”

“అక్కడేముంది? బయట నిలబడి హారన్ కొట్టా. వాడొచ్చాడు. ఎక్కాడు.”

“వెంటనే ఎక్కాడా?”

“సరిగ్గా గుర్తులేదు పిన్నీ. తాగి ఉన్నానుగా. బాగా తాగి ఉన్నా. వాడికి తెలిస్తే ఎక్కనంటాడని పిప్పరమెంటు బిళ్ళలు నాలుగు నమిలొచ్చా. కోర్టులో కూడా అదే చెప్పా. వాడికి తెలీదు, వాళ్ళమ్మకీ తెలీదు, తప్పంతా నాదే అని.”

“విన్నాను. వెనక బెంచీలో కూర్చుని విన్నాను. లేచి నిలబడాల్సింది. నిలబడలేదు.”

“లేచి ఏం చెప్తారు? నిజమేగా అది.”

“కాదు.”

“ఏం కాదు?”

“వాడు బయటికొచ్చి నిన్ను చూసి, మళ్ళీ లోపలికొచ్చాడు. చెప్పులు కూడా విప్పలేదు. గుమ్మంలో నిలబడి, ‘అమ్మా, వీడు ఫుల్లుగా తాగున్నాడు, నేనెక్కను, బస్సులో పోతా’ అన్నాడు.”

“పిన్నీ… వద్దు పిన్నీ.”

“బస్సులో పోతే ఆ సాయంత్రం పూజకి అందవు. కిటికీలోంచి చూశాను నిన్ను. బండి మీద కూర్చునే తూలుతున్నావు. చూసి, ఆ డబ్బాలు వాడి చేతుల్లో పెట్టాను.”

“మీరు… మీకు తెలిసి…”

“‘దేవుడి పని మీద పోయేవాడివి, నీకేం కాదు, ఎక్కు’ అన్నాను.”