కిష్టప్ప చెప్పిన అత్త

ఏందే బిడ్డా, నిన్న సీరియల్ల మెట్లెక్కుతున్న కోడలు ఇంకా మెట్ల మీదనే ఉన్నదా? జెర సౌండు తగ్గియ్యి. నీకు కిష్టప్ప ముచ్చట చెప్పిన్నా? మన పక్కిల్లే, పటాన్‌చెరు కంపెనీల పని, పాపం పోయి శానేండ్లాయె. అప్పుడు మన ముత్తంగిల టీవీ అంటే సత్తయ్య పటేల్ ఇంట్లనే. వచ్చుడంత హిందీ. మనోళ్ళకు ఒక్క ముక్క రాదు. కిష్టప్ప బీహారోళ్ళతోని పనిజేస్తడు గదా, టీవీ పక్కన కుర్సీ ఏసి కూసోవెడుతుండిరి. ఆడోళ్ళు అడుగుడు, ఆయన చెప్పుడు. చాయ్ గూడ ఆయనకే, టీవీ కొన్న సత్తయ్యకు లేదు.

గప్పుడే మీ నాయినమ్మ అలిగి తల్లిగారి ఊరు కందికి పోయింది. చారుల ఉప్పు కాడ అత్తతోని మొదలైన లొల్లి. నేను తోలుకొస్తనంటే నన్ను కన్న అవ్వ, ఆగమ్మ, "పోతే నువ్వు గూడ గటే పో" అన్నది. నాకు ఇంకో సంబంధం గూడ సూస్తున్నది. నాకైతే అన్నం సయిస్తలేదు. ఇగ ఓనాడు సీరియల్ల అత్త కోడల్ని ఎల్లగొడుతున్నది. సూస్తేనే తెలుస్తది, దానికి భాషెందుకు? మా అవ్వ అడిగింది, "ఏమంటున్నదిరా కిష్టప్పా?" "తప్పు నాదే బిడ్డా అంటున్నది, పెద్దమ్మా." "మరి గట్ల ఉరిమి సూస్తదేంది?" "పట్నపోళ్ళకు ప్రేమ, పావురం ఎక్కువైతే గట్లనే సూస్తరు." "తలుపు దిక్కు వేలు సూపిస్తున్నది?" "బయట నిలవడ్డవేంది, లోపటికి రా అంటున్నది." "అయ్యో, బట్టల పెట్టె ఇసిరికొట్టె!" "పాతయెందుకు, కొత్త చీరలు కొనిస్త అంటున్నది." నాకు నవ్వాగలే. ఈనికి హిందీ రాదు, ఉత్తగ దంచుతున్నడనుకున్న.

మా అవ్వ నవ్వలే. తెల్లారి నాకు సుత చెప్పకుంట సంగారెడ్డి బస్సెక్కి కందిల దిగింది. వాళ్ళ తలుపు కాడ నిలవడి, "తప్పు నాదే బిడ్డా, కొత్త చీర కొనిస్త, రా" అన్నదట. మీ నాయినమ్మ బుగులువడ్డదట, ముసల్దానికి పాణం బాగలేదేమో అని. పొద్దుగూకేసరికి ఇద్దరు ఒక్క బస్సుల దిగిండ్రు.

కిష్టప్ప పోయిన్నాడు ఆయనతోని పనిజేసిన బీహారాయన వచ్చిండు. ఏడ్సుకుంట నాతోని అన్నడు, "కిష్టప్ప హమ్‌సే అచ్ఛా హిందీ బోల్తా థా." మాకంటె మంచిగ హిందీ మాట్లాడుతుండె అని. మరి ఆనాడు ఎరికుండే మార్చి చెప్పిండా? మా లొల్లంత గోడవతల ఇంటుండెనా? అడుగుదమంటే మనిషి లేకపాయె. మీ నాయినమ్మ అయితే ఇప్పటికీ ఆ సీరియల్ల అత్త అసోంటిది యాడ లేదంటది.

సౌండు పెంచు బిడ్డా. మీ నాయినమ్మ వస్తున్నది.